పిల్లలకు అన్ని రుచులూ అలవాటు కావాలంటే: బెంగళూరు బాల్కనీ తోట, ఇంటి వంట – తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఫ్లాట్లలో ఉండే తెలుగువాళ్లు పిల్లల తిండి గురించి, బాల్కనీ కుండీల గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కూరని పిల్లాడి నోట్లోకి ఎలా పంపాలా అని ఆలోచించే ముందు, అది వాడి చేతిలోకి, ముక్కు దగ్గరికి ఎలా వస్తుందో చూడండి. జవాబులన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

మా పాప ఏడాదిన్నర దాకా పెట్టినవన్నీ తినేది. రెండేళ్లు దాటాక ఆకుకూర కనిపిస్తే చాలు, ప్లేటు తోసేస్తోంది. ఏమైంది?

ఏమీ కాలేదు. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండి అంటే బెరుకు ఉండడం చాలామంది పిల్లల్లో మామూలే. అప్పుడే నడక నేర్చిన పిల్ల కనిపించిన ప్రతి ఆకూ నమిలేయకుండా ప్రకృతి పెట్టిన కాపలా అది అని శాస్త్రవేత్తలు అంటారు. దానికి తోడు ఆకలి కూడా తగ్గుతుంది. మొదటి ఏడాదిలో పుట్టినప్పటి బరువు మూడింతలు అవుతుంది. రెండో ఏడాది మొత్తానికీ పెరిగేది సుమారు రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ నెమ్మదిస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాత మనం చేసే పనితో వస్తుంది. రెండుసార్లు వద్దంది కదా అని ఆ కూరని ఇంట్లో వండడమే మానేస్తాం. అలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే ఐదేళ్లకి మిగిలేది పెరుగన్నం, దోసె, చిప్స్.

వద్దన్నదాన్ని ఎన్నిసార్లు పెట్టాలి?

ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూశాక చాలామంది పిల్లలు ఒప్పుకుంటారని పరిశోధనలు చెబుతున్నాయి. మొండిఘటం అయితే ఇంకా ఎక్కువే పట్టొచ్చు. పెట్టడం అంటే గిన్నెడు కాదు. ఒక బెండకాయ ముక్క, అర స్పూను తోటకూర, పక్కన వాళ్లకి నచ్చినది ఒకటి. ముట్టుకుని వదిలేసినా, వాసన చూసి మొహం చిట్లించినా సరే, అదీ పరిచయమే.

"రెండు ముద్దలు తింటే చాక్లెట్ ఇస్తా" అనే బేరం మాత్రం పెట్టుకోకండి. చాక్లెట్ బహుమతి అయినప్పుడు కూర శిక్ష అవుతుంది. అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన విభజన మన ఇళ్లలోనూ పనిచేస్తుంది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేవి పెద్దల వంతు, తినాలా వద్దా, ఎంత తినాలి అనేవి పిల్లల వంతు. వినడానికి తేలికగా ఉంటుంది గానీ, ప్లేటు నిండుగా తిరిగొచ్చినప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో పెట్టిన తల్లికే తెలుస్తుంది.

మొక్కలు పెంచితే నిజంగా తింటారా, లేక అదో ముచ్చటా?

నీళ్లు పోసినంత మాత్రాన తినేస్తారని హామీ ఎవరూ ఇవ్వలేరు. ఎక్కువగా కనిపించే మార్పు, తాము పెంచినదాన్ని రుచి చూడడానికి ముందుకు రావడం. ఆ ముందడుగే మనకి కావలసింది. ప్లేట్లో ముద్దగా ఉన్న గోంగూరకీ, కుండీ దగ్గర నిలబడి తుంచుకున్న ఒక్క గోంగూర ఆకుకీ చాలా తేడా ఉంది. రెండోదానిలో బలవంతం లేదు, ఎవరూ చూడట్లేదు, నచ్చకపోతే ఉమ్మేయొచ్చు. పుల్లగా ఉందని కళ్లు మూసుకుని, మళ్లీ ఇంకో ఆకు తుంచే పిల్లలు ఉంటారు. ఆ పిల్లలకి తర్వాత గోంగూర పప్పు కొత్త తిండి కాదు.

మాది ఫ్లాట్. బాల్కనీలో ఎండ రెండు మూడు గంటలే. ఏం పెరుగుతాయి?

పుదీనా, వామాకు, బచ్చలి, మెంతికూర పెరుగుతాయి. నాలుగు గంటల ఎండ ఉంటే తోటకూర, పాలకూర, కొత్తిమీర కూడా. టమాటా, బెండ, వంగ, మిరపకి ఆరు గంటలు కావాలి. అంత ఎండ లేనిచోట వాటిని వేస్తే ఏపుగా పెరిగి కాయ కాయవు, పిల్లల ఉత్సాహం నీరుగారిపోతుంది.

సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండడం బెంగళూరు మనకి చేసే పెద్ద ఉపకారం. విజయవాడలో ఏప్రిల్‌లో కొత్తిమీర బతికించడం గగనం. ఇక్కడ కాస్త నీడ చూసి పెడితే ఆకుకూరలు దాదాపు ఏడాదంతా వస్తాయి.

ఆకుకూరలకి ఆరు అంగుళాల లోతు ఉన్న ట్రే చాలు. టమాటా, వంగకి కనీసం 12 అంగుళాల కుండీ గానీ గ్రో బ్యాగ్ గానీ తీసుకోండి. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మికంపోస్ట్ సమపాళ్లలో కలిపితే సరిపోతుంది. ఈ కలిపే పనిని పిల్లలకి వదిలేయండి. బాల్కనీ పాడవుతుంది, అయితే అవుతుంది.

మా వాడికి ఓపిక లేదు. రేపటికల్లా కాయ కావాలంటాడు. ఏది ముందు వేయాలి?

వంటింటి డబ్బాలోని మెంతులు. రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి, పది రోజులకి చిన్న ఆకులు కత్తిరించి దోసె మీద చల్లుకోవచ్చు. ఆవాలు కూడా అంతే. ధనియాలకి వారం, పది రోజులు పడుతుంది. వాటిని రెండు బద్దలుగా నలిపి వేయాలి, ఆ పని పిల్లల అరచేతులకి భలే నచ్చుతుంది.

మెంతులు మొలిచాయి కదా, ఇప్పుడు నమ్మకం కుదిరింది. ఇక తోటకూర వేయండి. హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా సుగుణ రకం నాలుగు వారాల్లోపే మొదటి కోతకి వస్తుంది, కోసినకొద్దీ మళ్లీ చిగురిస్తుంది. బెండ వేసేంత ఎండ ఉంటే అదే సంస్థ రకం అర్కా అనామిక, ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులుని తట్టుకుంటుంది, ఏడు వారాల్లో కాయ చూస్తారు. ముల్లంగి కూడా పిల్లలకి మంచి పంట. మట్టిలోంచి పీకి, "ఇంత పెద్దదా!" అనడం కోసమే వేయొచ్చు. బచ్చలి, పుదీనాకి విత్తనం కూడా అక్కర్లేదు. మార్కెట్ నుంచి తెచ్చిన కట్టలో ముదురు కాడ తీసి, గ్లాసు నీళ్లలో వేళ్లు వచ్చేదాకా ఉంచి, మట్టిలో గుచ్చితే చాలు.

ఒక జాగ్రత్త. దుకాణాల్లో గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూసిన విత్తనాలు ఉంటాయి. అది శిలీంధ్రనాశక మందు. అలాంటివి పిల్లల చేతికి ఇవ్వకండి. మందు పూయని విత్తనాలు అడిగి తీసుకోండి.

కావేరి నీళ్లకే కటకట. మొక్కలకి ఎక్కణ్ణుంచి తేవాలి?

2024 మార్చి నీటి ఎద్దడిలో తాగునీటిని మొక్కలకి పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది గుర్తుందా? అప్పట్నుంచీ చాలా ఇళ్లలో బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టడం అలవాటైంది. పది కుండీలకి ఆ నీళ్లు దాదాపు సరిపోతాయి. ఆర్ఓ ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి వాటినే రోజూ పోయకండి, మామూలు నీళ్లతో కలిపి అప్పుడప్పుడు పోయండి. బియ్యం కడిగే పని నాలుగేళ్ల పిల్లకి అప్పజెబితే మొక్కలకి నీళ్లు పోయడం వరకూ తనే చూసుకుంటుంది.

పురుగు పట్టింది. మందు కొట్టాలా?

తినే మొక్క, పైగా పిల్లలు తుంచుకునే మొక్క. రసాయన మందుల జోలికి పోకండి. పేనుబంక అయితే నీళ్లు గట్టిగా కొడితే సగం పోతుంది. పిండినల్లి, తెల్లదోమకి లీటరు నీటిలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల లిక్విడ్ సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. కోసే ముందు రోజు కొట్టకండి. ఆ చేదు కూరలోకి వచ్చిందంటే మీరు ఇన్నాళ్లు పడ్డ కష్టం పోయినట్టే. అక్షింతల పురుగు కనిపిస్తే దాన్ని వదిలేయమని పిల్లలకి చెప్పండి, అది పేనుబంకని తింటుంది.

పురుగుల కంటే బెంగళూరు బాల్కనీలకి పెద్ద బెడద పావురాలు. వల కట్టించుకోండి. రెట్టలు శుభ్రం చేసే పని పిల్లలకి వద్దు.

వంటింట్లో ఏ వయసుకి ఏ పని ఇవ్వొచ్చు?

రెండేళ్లకి కొత్తిమీర తుంచడం, కరివేపాకు దూయడం, పప్పు గిన్నెలో చెయ్యి పెట్టి కడగడం. మూడు నాలుగేళ్లకి చిక్కుడు ఈనెలు తీయడం, చపాతీ పిండి పిసకడం, ఉడికిన బంగాళాదుంప మెదపడం. ఐదారేళ్లకి మొద్దుబారిన చాకుతో అరటిపండు, దోసకాయ కోయడం, చిన్న రోట్లో పచ్చడి దంచడం. ఎనిమిదేళ్లు దాటాక మీరు పక్కనే ఉంటే దోసె పోయొచ్చు. తాలింపు దగ్గరికి మాత్రం చిన్నపిల్లల్ని రానివ్వకండి, చిటపటలాడే ఆవాలు సరిగ్గా వాళ్ల మొహం ఎత్తుకే వస్తాయి.

వీటన్నిటికంటే పిల్లల్ని కట్టిపడేసే పని ఇంకోటి ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు నిండా అనపకాయలే. కన్నడంలో అవరెకాయ్ అంటారు. చిత్తూరు, అనంతపురం వాళ్లకి చెప్పక్కర్లేదు, కోస్తా నుంచి వచ్చినవాళ్లకి కొత్త కావచ్చు. కాయ మీద జిడ్డుగా ఉండి, చేతికి ఘాటైన వాసన అంటుకుంటే అది మంచి సరుకు. గింజలు ఒలిచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టి నొక్కితే తొక్కలోంచి పప్పు టప్పున ఎగిరి బయటికొస్తుంది. అదే పితికిపప్పు. పిల్లలు దాన్ని పని అనుకోరు, గోడ మీదికి ఎవరిది దూరం పోతుందా అని పందెం వేస్తారు. నేల మీద పడ్డవి కడిగి మళ్లీ గిన్నెలో వేసుకోవచ్చు. పచ్చి గింజలు నమలనివ్వకండి, ఉడికించాకే తినాలి. తర్వాత కొబ్బరి, ధనియాలు, కాస్త చింతపండు వేసి పులుసు పెడితే, తమ చేత్తో పితికిన పప్పు కాబట్టి కనీసం వేలు ముంచి అయినా చూస్తారు. జనవరి ప్రాంతంలో అవరెబేళె మేళా జరుగుతుంది. అక్కడ దోసె, ఉప్మా దగ్గర్నుంచి జిలేబీ దాకా అన్నీ ఈ గింజతోనే. జిలేబీ సంగతి నన్నడగొద్దు.

కారం ఎప్పుడు మొదలుపెట్టాలి? మా ఇంట్లో గుంటూరు కారమే.

ఏడాది లోపు ఉప్పు, పంచదార కూడా అక్కర్లేదు, ఇక కారం మాటెందుకు. అయితే కారం వేరు, మసాలా వాసనలు వేరు. జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు ఏడెనిమిది నెలల పాప తినే పప్పన్నంలోనే కొద్దికొద్దిగా వేయొచ్చు. తల్లి తిన్న వెల్లుల్లి వాసన పాలలోకి వస్తుందని 1990ల మొదట్లోనే తేలింది. అంటే మీ ఇంటి రుచులు పాపకి పాలతోనే పరిచయం. అదే కూరలో కారం వేయకముందు పిల్లల వంతు తీసి పక్కన పెట్టండి. వేరే వంట చేయకండి.

కారం రుచి కాదు, మంట. నోట్లో వేడిని గుర్తించే నాడులే దానికి స్పందిస్తాయి. అందుకే నీళ్లు తాగితే తగ్గదు, పాలు, పెరుగు తింటే తగ్గుతుంది. మూడేళ్ల తర్వాత ముద్దపప్పు, నెయ్యి అన్నంలో ఆవకాయ ఊట ఒక్క చుక్క వేస్తే చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు.

చేదు ఎలా అలవాటు చేయాలి? కాకరకాయ అసాధ్యం అనిపిస్తోంది.

పిల్లలకి చేదు మనకంటే గట్టిగా తెలుస్తుంది. కొంతమందికి పుట్టుకతోనే, జన్యువుల వల్ల, ఇంకా ఎక్కువ. కాబట్టి అది నటన కాదు. ఉప్పు చేదుని అణిచేస్తుంది. అందుకే మన పెద్దలు కాకర ముక్కలకి ఉప్పు రాసి, నీరు పిండి, చింతపండు బెల్లంతో పులుసు పెట్టారు. మొదట పల్చటి చక్రాలు కరకరలాడేలా వేయించి పెట్టండి. అంతకుముందు మెంతికూర పప్పు, టమాటా ఎక్కువ వేసి. ఉగాదికి వేపపువ్వు పచ్చడి, అదే రోజు పక్కింటి కన్నడిగుల బేవు బెల్ల (వేప, బెల్లం), రెండూ ఆటలా నాకించండి. ఆ రోజు ఇంటిల్లిపాదీ చేదు తింటారు కాబట్టి పిల్లలు తమ మీద జరిగే కుట్ర అనుకోరు.

పాలకూరని దోసె పిండిలో కలిపేస్తే సరిపోదా?

వంటకంగా బాగుంటుంది, చేయండి. చెప్పకుండా చేయకండి. దాచిపెట్టిన పాలకూర కడుపులోకి వెళ్తుంది గానీ పరిచయం అవ్వదు. పైగా దొరికిపోయిన రోజు దోసె కూడా అనుమానంలో పడుతుంది. ఆకులు వాళ్ల చేతే మిక్సీలో వేయించండి.

కూరగాయలకి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?

కేఆర్ మార్కెట్ తెల్లవారుజామున చూడదగ్గదే కానీ చిన్నపిల్లలతో ఆ తొక్కిసలాట కష్టం. మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్, గాంధీ బజార్ నయం. దగ్గర్లో హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం కూరగాయల దుకాణం) ఉంటే అదీ మంచిదే. ఆకుకూరలమ్మేవాళ్ల దగ్గర తోటకూరకి దంటు గానీ హరివె గానీ అడగండి, బచ్చలికి బసళె, సోయకూరకి సబ్బసిగె. ఆ సబ్బసిగె మన వంటింట్లో తక్కువే, ఇక్కడ కట్టలు కట్టలు దొరుకుతుంది. పెసరపప్పులో గానీ రొట్టె పిండిలో గానీ వేస్తే ఆ సువాసన కొందరు పిల్లలకి వెంటనే పట్టేస్తుంది. వారానికి ఒక్క కొత్త ఆకు గానీ కాయ గానీ పిల్లలే ఎంచుకోవాలి, ఎంచుకున్నది వండాలి. గుమ్మడికాయ ఎంచుకుంటే మోసే బాధ్యత మీది.

కార్తీకంలో చివరి సోమవారం బసవనగుడిలో వేరుశనక్కాయల జాతర, కడలెకాయి పరిషె, జరుగుతుంది. పెద్దపిల్లలకి బాగుంటుంది. నాలుగైదేళ్ల లోపు వాళ్లకి గింజ మాత్రం పొడి చేసో, ముద్ద చేసో పెట్టండి.

అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా ఫోన్ చూపిస్తూ, వెంటపడి తినిపిస్తారు. చెబితే నొచ్చుకుంటారు.

వద్దని చెప్పడం కంటే ఇంకో పని చేతికిస్తే గొడవ ఉండదు. చిక్కుడు విత్తనం ఎప్పుడు వేయాలి, గోంగూర ఎంత ఎత్తులో కోయాలి అనేవి ఆవిడకి మనకంటే బాగా తెలుసు. వచ్చేటప్పుడు ఊరి విత్తనాలు తెమ్మనండి, కుండీల పెత్తనం మనవడితో కలిపి ఆవిడకే ఇవ్వండి.

చేత్తో తినిపించడం తప్పు కాదు, ఫోన్ తప్పు. తెరలో మునిగిన పిల్లాడికి ఏం తింటున్నాడో, కడుపు నిండిందో తెలియదు. "అత్తయ్యా, అందరికీ ఒకేసారి ముద్దలు కలిపి పెట్టండి" అని అడిగి చూడండి. పెద్ద బేసిన్‌లో అన్నం కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ వరసగా ముద్ద పెట్టడం మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే. పక్కన అక్క నోరు తెరిస్తే తమ్ముడూ తెరుస్తాడు. ఏ పుస్తకమూ దీనికి మించిన ఉపాయం చెప్పలేదు.

పాలు బాగా తాగుతాడు, అన్నం తినడు. పర్వాలేదా?

ఏడాది దాటాక రోజుకి అర లీటరు మించకూడదు. పాలతో కడుపు నిండితే ఆకలి ఉండదు, ఇనుము తగ్గి రక్తహీనత వచ్చే ప్రమాదం కూడా ఉంది. కాల్షియం గురించి టెన్షన్ అక్కర్లేదు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. రాగి ముద్ద దొరకని వీధి ఈ ఊళ్లో లేదు. రాయలసీమవాళ్లకి సంకటి సంగతి తెలిసిందే.

ఏవి ప్రమాదం?

ఏడాది లోపు తేనె వద్దు. గుండ్రని ద్రాక్ష, చెర్రీ టమాటా నిలువుగా చీల్చి పెట్టండి. బాల్కనీలో అందం కోసం పెంచే డైఫెన్‌బేకియా నమిలితే నోరు, గొంతు వాస్తాయి. గన్నేరు విషం. తినే మొక్కలు ఒకవైపు, అలంకారానివి పిల్లలకి అందనంత ఎత్తులో ఇంకోవైపు ఉండాలి. టమాటా కాయ తింటాం గానీ ఆకు తినం అని ముందే చెప్పండి. చేమాకు పచ్చిది కొరికితే దురద. "నన్ను అడిగాకే నోట్లో పెట్టాలి" అన్నది తోటలో మొదటి నియమం.

మట్టి తింటోంది. డాక్టర్‌కి చూపించాలా?

ఏడాది పాప ఒకసారి నోట్లో పెట్టుకుంటే కడిగేయండి, చాలు. రెండేళ్లు దాటాక అదేపనిగా మట్టి, సుద్ద, సున్నం వెతుక్కుంటుంటే ఇనుము లోపం కావచ్చు, రక్తపరీక్ష చేయించండి. బరువు తగ్గుతున్నా, తినేటప్పుడు తరచూ పొలమారుతున్నా, వాంతులవుతున్నా, మెత్తటివి తప్ప నమిలేవేవీ ముట్టకపోయినా పిల్లల డాక్టర్‌ని కలవండి. అవి కుండీలతో తీరే సమస్యలు కావు. తోటపని తర్వాత సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. నులిపురుగుల మాత్ర స్కూళ్లు, అంగన్‌వాడీల్లో ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇస్తారు, ఇచ్చారో లేదో అడిగి తెలుసుకోండి.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తాం. మొక్కల సంగతి?

కుండీలన్నీ నీడకి, ఒకచోటికి జరపండి. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరిపీచో పరచండి. నీళ్ల బకెట్‌ని కొంచెం ఎత్తులో పెట్టి, నూలు గుడ్డ పీలికల ఒక కొస నీళ్లలో, ఇంకో కొస కుండీ మట్టిలో గుచ్చితే నెమ్మదిగా తడి అందుతుంది. ఆకుకూరలు వెళ్లేముందు మొదలంటా కాకుండా పైపైన కోసేయండి, వచ్చేసరికి చిగురిస్తాయి. పక్క ఫ్లాట్‌లో పిల్లలుంటే తాళం వాళ్లకిచ్చి, ఆ పది రోజులూ కాసినవి వాళ్లవే అని చెప్పండి. తిరిగొచ్చాక తమ బెండకాయలు ఎవరో తిన్నారని మీవాడు గొడవ చేస్తాడు. చేయనివ్వండి.